ఆమేన్‌కు ముందు

స్తెఫనుతో ఇరవై మూడేళ్ళ కాపురంలో ప్రమీలారాణికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే, ఆయనకు చెడ్డ అలవాట్లు లేకపోవడం. తాగడు. చుట్ట ముట్టడు. కలప డిపోలో గుమాస్తా అయ్యుండి పీట చేయించడానికి ఒక్క టేకు చెక్క ఇంటికి తెచ్చినవాడు కాదు. పేకాట గురించి అది నలుగురు కూర్చుని చేసే పాపమని తప్ప వివరాలు తెలియవు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలు వరసలో పెట్టుకుని తలా కాసేపు మొగుళ్ళను ఉతికి ఆరేస్తుంటే, బి.ఏ. చదివిన నోరు మూసుకుని ఆమె ఊరికే నిలబడాల్సి వచ్చేది. ఉన్న ఒక్క అలవాటూ ప్రార్థన. మా ఆయన ప్రార్థన ఎక్కువ చేస్తాడమ్మా అని ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పినా అదృష్టవంతురాలివి పో అంటారు. అలా అనేవాళ్ళను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఇదిగో ఈ శుక్రవారం తెల్లవారుజామున, ఈ చాప మీద, మోకాలి చిప్పల కింద ఈత ఆకుల గీతలు అచ్చులు పడుతుండగా కూర్చోబెట్టాలి. అవతల బడి పక్కన రాత్రంతా నిద్రపోయిన బస్సు ఏ క్షణాన లేస్తుందో తెలియకుండా, కళ్ళు మూసుకుని వినమనాలి.

ములకలపల్లి దాటాక అడవిలోకి వచ్చే తారు రోడ్డు ఈ ఊళ్ళోనే అయిపోతుంది. రోడ్డు లేదు గనక బస్సు కూడా ఇక్కడే పడుకుంటుంది. నైట్‌హాల్టు బస్సు. రాత్రి వచ్చి, పొద్దున్నే ఆరింటికి కొత్తగూడెం బయలుదేరుతుంది. అది పోతే మళ్ళీ మధ్యాహ్నం రెండింటికి. రెండింటికి కూతురు రిబ్కాకు బస్సుతో పని లేదు. ఖమ్మంలో మిషన్ దవాఖానా వాళ్ళు పంపిన కార్డు పెట్టె మూతకు లోపలి వైపు అంటించి ఉంది, పోకుండా. అందులో ఉన్నది ప్రమీలకు ఎదురుగా కనబడుతున్నట్టే ఉంది. నర్సు ట్రైనింగుకు ఎంపికైన అభ్యర్థి జూలై పది, మధ్యాహ్నం పన్నెండు లోపల స్వయంగా హాజరు కానిచో సీటు జాబితాలోని తరువాతి వారికి ఇవ్వబడును. జూలై పది అంటే ఇవ్వాళే. కానిచో. ఆ ఒక్క మాట వారం రోజులుగా పప్పులో రాయిలా పంటి కింద పడుతోంది. రెండుసార్లు పిలిచినా రానివాళ్ళను మిషన్ వాళ్ళు మూడోసారి పిలవరు, వచ్చే ఏడు అడిగే అర్హత కూడా ఉండదు. పెట్టె సర్దింది, రెండు తెల్ల చీరలు, కంచం, గ్లాసు, దోమతెర, పులిహోర పొట్లం. ఇక మిగిలింది ప్రార్థన. అది అయితే గడప దాటవచ్చు. అది కాకుండా ఈ ఇంట్లోంచి ఎవరూ గడప దాటరు, మొదట దేవుడు, మిగతావన్నీ తరువాత, ఆ మాట గోడ మీద రాసి లేదు గానీ రాసి ఉన్నదాని కంటే గట్టిగా ఉంది.

"...ఆకాశమును భూమిని కలుగజేసిన మా తండ్రీ, గడచిన రాత్రియంతయు మమ్మును కాచినందుకై నీకు స్తోత్రములు..." అంటున్నాడు స్తెఫను. ఇంట్లో ఏంది, గిట్లనా అని మాట్లాడే మనిషి మోకాళ్ళు నేలకు ఆనగానే మమ్మును, నిన్నును, దయచేయుము అంటాడు. దేవుడికి ఖమ్మం జిల్లా మాట అర్థం కాదేమోనని ఆయన అనుమానం. ఇంకా సృష్టి దగ్గరే ఉన్నాడు. ఆయన ప్రార్థనకూ ఒక రూటుంది, ఆర్టీసీ రూటు కంటే ఖాయమైనది. సృష్టి, స్తోత్రం, పాలకులు అధికారులు, సంఘం, తరువాత చుట్టాలు ఊరి వరసన, పెనుబల్లిలో పెదనాయన, ఆయన పొలం, ఆయన పాడి, టేకులపల్లిలో చెల్లెలు జోజమ్మ, ఆమె ఉబ్బసం, తరువాత ఈ ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళు పేరు పేరునా, అన్నిటికంటే చివర నా ఇంటివారు. దేవుడు మొదట, లోకం తరువాత, మనం ఆఖరున. మొదట్లో పెదనాయన గేదె పేరు తన పేరు కంటే ముందు రావడం ఆమెకు చిన్నతనంగా ఉండేది. తరువాత ఆ వరసే అక్కరకొచ్చింది. పాలకులు అధికారులు అంటే ఎసరు మరిగినట్టు. సంఘం అంటే బియ్యం పడ్డట్టు. పెనుబల్లి రాగానే చప్పుడు కాకుండా లేచి, వంటింట్లో పొయ్యి కింద కట్టె వెనక్కి లాగి, టేకులపల్లి కల్లా తిరిగొచ్చి మోకాళ్ళూనేది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అన్నం మాడలేదు, ఒక్కనాడూ పట్టుబడలేదు. ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా ప్రార్థన చేసిందా అని అడిగితే మాత్రం, ఆ మాట ఇప్పుడు ఎవరూ అడగడం లేదు కదా, ఎందుకు.

ఒకసారి గోడ గడియారం పావుగంట ముందుకు తిప్పింది. ఆయన మర్నాడు పొద్దున సంఘం అయిపోయి పెనుబల్లి రాకముందు, "గడియారపు ముళ్ళను ముందుకు త్రిప్పు హస్తములను క్షమించుము తండ్రీ" అన్నాడు. ఆ హస్తములు ఒళ్ళో పెట్టుకుని ఆమె నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆ బాకీ ఆదివారం స్త్రీల కూడికలో తీర్చుకుంది. నిడివైన ప్రార్థనల వల్ల మోకాళ్ళ నొప్పులు వచ్చిన సహోదరీలందరి కోసం ప్రత్యేకంగా ప్రార్థించింది; తడికె అవతల స్తెఫను దగ్గడం వినబడింది. చాలా ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటారు, వీళ్ళు దేవుడి ద్వారా ఉత్తరాలు రాసుకుంటారు. ఆ దేవుడు పోస్టుమాను పని చేసి చేసి అలిసిపోయి ఉంటాడు పాపం.

ఘర్రుమంది. బస్సు.  డ్రైవరు భీమ్లా సీట్లోకి ఎక్కాడన్నమాట, అంటే ఆరుకు పదిహేను నిమిషాలు. చలిపట్టిన ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది, మూడోసారి అందుకుంది. కాసేపు అలా గుర్రుపెడుతుంది. తరువాత మొదటి హారన్ ఊరికి. రెండో హారన్ టీ బంకు దగ్గర గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్ళకి. మూడోది కదిలాక కొట్టేది, అది ఎవరి కోసమూ కాదు. "...మమ్మును ఏలు పాలకులకును అధికారులకును మంచి మనస్సు దయచేయుము..." పాలకులు. పరవాలేదు. ఇప్పుడు పాలకులంటే రెండో హారన్ కల్లా పెనుబల్లి, ఆ తరువాత త్వరత్వరగా టేకులపల్లి, జబ్బులు ఈ వారం ఇద్దరికే, ఇంటివారు ఇద్దరమే. సరిపోతుంది. పక్కన రిబ్కా ఊపిరి వినబడుతోంది, బరువు ఎత్తబోయే ముందు మనిషి తీసే ఊపిరి. ఒక చెయ్యి పెట్టె మీద ఉంచుకుంది, గొళ్ళెం సన్నగా టిక్కుటిక్కుమంటోంది, వేలు వణికితే వచ్చే చప్పుడు. ఊరుకో తల్లీ, ఆయన వింటే ప్రార్థనలో మనసు నిలవని బిడ్డలను గురించి ఇంకో రెండు నిమిషాలు పడతాయి.

పోయిన ఏడు కూడా ఈ పెట్టే, ఈ చాపే. అప్పుడు ఇంటర్వ్యూ. అప్పుడు ఆమె లెక్కలు వేసుకోలేదు, ధీమాగా కళ్ళు మూసుకుంది. పెనుబల్లిలో గేదె అయిపోయింది, దూడ వచ్చింది, ఎన్నడూ లేంది దూడ కూడా ఎందుకొచ్చిందని అనుకుంటుండగానే మూడో హారన్ మోగింది. మోగి, వంతెన దాటి, సన్నబడి, అడవిలో కలిసిపోయింది. ఆ తరువాత నింపాదిగా ఆమేన్ వచ్చింది. స్తెఫను కళ్ళు తెరిచి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "దేవుని చిత్తం గట్లున్నది" అన్నాడు. రిబ్కా లోపలికి పోయి, రాత్రి తోమి బోర్లించిన గిన్నెలన్నీ తీసి మళ్ళీ తోమింది. ఆ గిన్నెల చప్పుడు. దాని దగ్గరికి పోయి తను ఏమంది? దేవుడు నీ కోసం ఇంకా మంచిదేదో దాచి ఉంటాడు బిడ్డా అంది. అంటున్నప్పుడు తనకే ఆ మాట ఉప్పు లేని జావలా తోచింది. ఆయన్ని ఎందుకు అడగలేదు? దూడ ఎందుకొచ్చిందయ్యా అని. అడగాలంటే మధ్యలో దేవుణ్ణి కాస్త పక్కకు జరగమనాలి, అంత ధైర్యం తన పుట్టింట్లో గానీ కాలేజీలో గానీ ఎవరూ నేర్పలేదు.

మొదటి హారన్.

"...పెనుబల్లిలో ఉన్న నీ దాసుని, వారి పొలమును, పాడిని..." పాడితో ఆగాడు. దూడ లేదు. హమ్మయ్య. ఆయన ఎప్పుడూ ఇలా ఉండేవాడు కాదు. పెళ్ళయ్యాక ఆరేళ్ళు ప్రార్థన అంటే భోజనం ముందు నాలుగు ముక్కలు, అవీ ముద్ద చేతిలో పట్టుకుని. అప్పుడు మొదటి బిడ్డ ఆంథోని ఉన్నాడు. నాలుగేళ్ళవాడు, ఇదే నెల, ఇదే వాన. జ్వరం రెండు రోజులు కాసి మూడోరోజు తెల్లవారుజామున పిల్లాడి కళ్ళు పైకి తేలాయి. స్తెఫను దుప్పటితో సహా ఎత్తుకున్నాడు, బస్సు అప్పటికే కదిలింది. రిబ్కా ఏడాది పిల్ల, తన చంకలో. ఒక్క మాట ప్రార్థన చేసుకుని పోదామండీ అంది తను. ఎందుకంది, ఏదో అనాలి గనక, భయానికి. ఆయన వెనక్కి చూడకుండా, "తర్వాత చేద్దాం, ముందు బస్సు" అని ఉరికాడు. బస్సు దొరికింది. దవాఖానా చేరేసరికి దుప్పటిలో బరువు మారిపోయింది, పిల్లాడు పోయాడు. జ్వరం మెదడుకెక్కింది, రెండు రోజుల ముందు తెచ్చి ఉండాల్సింది, ఇప్పుడెవరూ ఏమీ చెయ్యలేరు అన్నాడు డాక్టరు, ఇద్దరికీ చెప్పాడు, ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. విన్నది ఆమె ఒక్కతే. ఆయన ముందు బస్సు అన్న తన మాటే వింటూ నిలబడ్డాడు. ఇప్పటికీ వింటున్నాడు. ఆ వారం నుంచీ ఈ ఇంట్లో మొదట దేవుడు. ఏడాదికో పేరు చొప్పున ప్రార్థన పొడుగు పెరిగింది. ఆమె ఎన్నోసార్లు డాక్టరు మాట గుర్తు చెయ్యబోయి మానుకుంది. ఆ ప్రార్థన పట్టుకుని ఆయన నిలబడ్డాడు, లాగేస్తే ఎటు పడతాడో తెలియదు. మోకాళ్ళ నొప్పి దానికంటే నయం కదా అనుకుంది, గడియారంతో, కట్టెపుల్లలతో, చాటుమాటు నవ్వులతో సరిపెట్టుకుంది. అది సహనమో బద్ధకమో ఇవ్వాళ ఈ చాప మీద తేల్చుకోవలసి వస్తుందనుకోలేదు.

"...టేకులపల్లిలో నీ దాసురాలు జోజమ్మను, ఆమె ఊపిరిని..." జోజమ్మ ఊపిరి. తరువాత ఊళ్ళో ఇద్దరు, అయిపోయారు. బయట టీ గ్లాసులు బల్ల మీద పెట్టిన చప్పుడు. "నా ఇంటివారిని నీ హస్తములకు అప్పగించుకొనుచున్నాను తండ్రీ. నీ దాసురాలు ప్రమీలను..." వచ్చింది, వచ్చేసింది, ఇంకొక్క పేరు, రెండక్షరాల పేరు, "...మరియు తండ్రీ..." అని ఆగాడు. ఇంజను గుర్రు తప్ప ఏమీ వినబడలేదు. అను. అనండి. ఆయన గొంతు సవరించుకున్నాడు. "మరియు తండ్రీ, టేకులపల్లిలో నా చెల్లెలు జోజమ్మను జ్ఞాపకము చేసికొనుము..."

ఆమెకు మొదట అర్థం కాలేదు. డిపో చేరిన బస్సు గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగి పోతున్నట్టుంది. జోజమ్మ అయిపోయింది కదా. జోజమ్మ ఉబ్బసం, జోజమ్మ కోళ్ళు, జోజమ్మ ఇంటి కప్పు. కప్పు కూడానా. మళ్ళీ ఊళ్ళో జబ్బులు, మళ్ళీ నా ఇంటివారు, మళ్ళీ మరియు తండ్రీ, మళ్ళీ ఆగడం. ఆ పేరు దగ్గరికి వస్తున్నాడు, గుమ్మంలో తొంగి చూసి వెనక్కి పోతున్నాడు. ఎందుకంటే పేరు పలికితే అప్పగించినట్టే. అప్పగించుకొనుచున్నాను అని నోటితో అన్నాక ఇక చెయ్యి వదలాలి. అప్పుడామెకు పోయిన ఏటి దూడ అర్థమైంది.  రెండో హారన్ మోగింది, పొడుగ్గా, ముసలివాళ్ళను పిలిచినట్టు. ప్రభువా, అనుకుంది, ఆయన నోరు మూయించు. అనుకుని హడలిపోయింది. ప్రార్థన చేస్తున్న మనిషి నోరు మూయించమని దేవుణ్ణి అడిగే ఆడది ఉంటుందా. కానీ ఇన్నేళ్ళలో, పొయ్యి మీద ధ్యాస లేకుండా, మనసంతా పెట్టి దేవుణ్ణి అడిగింది ఇదే మొదటిసారని కూడా తోచింది. ఈ ఇంట్లో దేవుడు మొదట. అవును, పెళ్ళిలో ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టిన పెద్దాయనలా మొదట. దండ వేసి, పన్నీరు చల్లి, ఒక్క మాట అడగకుండా వంట దగ్గరికి పోయినవాళ్ళం ఇద్దరమూ. నేను పోయింది నా వంట దగ్గరికి, ఈయన పోయింది ఈయన భయం దగ్గరికి. దేవుణ్ణి ముందు పెట్టుకోవడం అనుకున్నాం, పెట్టుకున్నది ముందు కాదేమో, అడ్డం. ఎదుటిదేదో కనబడకుండా అడ్డం. ఆ అడ్డం వెనక నా బిడ్డ కూర్చుని ఉంది, గొళ్ళెం మీద వేలు వణుకుతోంది, టిక్కు, టిక్కు, ఆగిపోయింది. వేలు ఆగిపోయింది. పిల్ల ఆశ వదులుకుంది.

ప్రమీల కళ్ళు తెరిచింది.

ప్రార్థనలో కళ్ళు తెరవడం ఆ ఇంట్లో పెద్ద తప్పు. తెరిచి చూస్తే, స్తెఫను కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి. పెదవులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, ఉబ్బసము, ఊపిరి, దయచేయుము, కళ్ళు మాత్రం రిబ్కాను చూస్తున్నాయి. నూనె పెట్టి బిగించి అల్లిన జడను, చెవి వెనక చిన్నప్పటి మచ్చను, మూసిన రెప్పలను, ఎవరో కొలత తీసుకుంటున్నట్టు, మళ్ళీ దొరకదన్నట్టు. ఎన్నాళ్ళనుంచి ఇలా తెరిచి ఉంటున్నాయో. ఈ మనిషికి మొదట ఎవరో ఆ చూపులో ఉంది. ఆయన తల తిప్పాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. నువ్వెందుకు తెరిచినవ్ అని అడగాలంటే తనవి మూసి ఉండాలి గనక ఆయన ఏమీ అడగలేదు. గొంతు మాత్రం ఒక మాట మీద తడబడింది. కోపం రావాల్సిన చోట ఆమెకు జాలి వచ్చింది, జాలి వచ్చింది గనకనే ఇక ఊరుకోవడం కుదరలేదు. ఇంజను శబ్దం మారింది. గేరు పడింది.

"ఆమేన్" అంది ప్రమీల.

అలవాటు కొద్దీ రిబ్కా కూడా ఆమేన్ అనేసి, కళ్ళు తెరిచి, తండ్రి ఇంకా మోకాళ్ళ మీదే ఉండటం చూసి నిర్ఘాంతపోయింది. సంఘ పెద్ద అయిన మొగుడి ప్రార్థనను మధ్యలో ముగించిన ఆడమనిషి ఆ చుట్టుపక్కల అడవిలో ఎవరూ లేరు.  మూడో హారన్ మోగింది.

"పోతోందండీ" అంది ఆమె, అంతే, గొంతు పెంచకుండా.

ఆయన లేచాడు. మోకాళ్ళు పట్టేసి ఒక్క క్షణం గోడ పట్టుకున్నాడు. తరువాత పెట్టె ఎత్తి భుజాన వేసుకుని, చెప్పులు కూడా లేకుండా వానలోకి ఉరికాడు. వెనక రిబ్కా, ఆ వెనక పులిహోర పొట్లంతో ప్రమీల, చీర కుచ్చెళ్ళు పిడికిట్లో. బురదలో ఆయన పాదాలు జారుతున్నాయి, భుజం మీద పెట్టె ఒకవైపు ఒరిగిపోతోంది, డిపోలో నడిచినా చప్పుడు కాకుండా నడిచే మనిషి చెయ్యెత్తి ఆపు, ఆపు అని అరుస్తున్నాడు. బస్సు వంతెన వైపు మలుపు తిరుగుతోంది. ఆయన రోడ్డు మీదుగా పోలేదు, బడి ఆవరణలోంచి అడ్డంగా పోయి మలుపు అవతల రోడ్డు మధ్యలో నిలబడ్డాడు.

బ్రేకు కీచుమంది. భీమ్లా కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఏంది సారూ, గట్ల మీదికొస్తరు? టైరు కింద పడుదురు. ప్రార్థన అయ్యిందా?"

"కాలె" అన్నాడు స్తెఫను. ఆయాసంతో వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "నా బిడ్డ పోవాలె, జర ఆగు."

"గదే మాట ఒక్క కేకేస్తే ఇంటికాడ్నే ఆపుదును గద" అన్నాడు భీమ్లా. లోపల ఎవరో నవ్వారు, ఎవరో జల్దీ కానియ్యండి అన్నారు. కండక్టరు పెట్టె అందుకున్నాడు. రిబ్కా ఎక్కింది, కిటికీ పక్కన కూర్చుంది, ప్రమీల పొట్లం అందిస్తే తీసుకుంది. తీసుకుని, తల్లిని కాదు, తండ్రిని చూసింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల ముఖం రంగు మారిపోయి ఉంది. ఇంత దాకా వచ్చి ఆ పిల్ల భయపడుతున్నది బస్సుకు కాదని ప్రమీలకు తెలుసు.

"నాయనా" అంది రిబ్కా. "ప్రార్థన సగంల ఆగింది గద. గిట్ల పోతే ఏమన్న అవుతదా? నా పేరు గూడ రాలె. దేవునికి ఇష్టం లేదంటే దిగుత."

కండక్టరు తాడు మీద చెయ్యి వేసి ఆగాడు.  స్తెఫను కిటికీ ఊచ పట్టుకున్నాడు. వాన ఆయన నెత్తి మీంచి కారి గడ్డం చివర నిలుస్తోంది. తుడుచుకోలేదు. ప్రమీల ఆయన పక్కనే నిలబడింది, సాయం చెయ్యకుండా, ఒక్క మాట అందివ్వకుండా. ఇది ఆమె అందించగలిగేది కాదు.

"దిగకు" అన్నాడు. "రిబ్కా, దిగకు. ఆయనకు ఇష్టమే. ఎన్నడో ఇష్టమే. పోయినేడు గూడ ఈ బస్సు గిట్లనే నిలబడి ఆపితే ఆగుతుండె. హారన్ ఇన్న. మూడుసార్లు ఇన్న. ఇని, నువ్వు పోతవని భయమై ప్రార్థన గుంజిన. గుంజి, దేవుని చిత్తమని ఆయన మీద పెట్టిన."  బస్సంతా వింటోందని ఆయనకు తెలుసు, ఆదివారం తన ప్రార్థనకు తలలు వంచేవాళ్ళు అందులో ముగ్గురున్నారని కూడా తెలుసు. "అది ఆయన చిత్తం గాదు బిడ్డా. తప్పు నాది."